ఆరుమణి మల్లి

సెంటు విషయంలో మా బావగారిది ఒకటే సిద్ధాంతం. మూత తీయగానే ఎదుటివాడి ముక్కు అదిరిపోవాలి. ఆ తర్వాత ఆ వాసన ఎంతసేపుంటుంది, ఏమవుతుంది అన్నది కొనుక్కున్నవాళ్ల తలనొప్పి. మద్రాసు చూలైలో ఆయన ఇంటి కింది వాటాలోనే మా కంపెనీ. పైన ఆయనా, ఆయన భార్య మా విజయక్కా ఉంటారు. కింద మేము పెళ్లిళ్లకు పన్నీరు, అగరబత్తులవాళ్లకు నూనెలు, సౌకార్‌పేట ఫాన్సీ కొట్లకు చిన్న సీసాల సెంట్లు తయారుచేస్తాం. మావాళ్లు ఏనాడో నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి ఈ పనిలోనే పాతుకుపోయారు.

మల్లె సెంటని మేము అమ్మేది మూత తీస్తే అరటిపండు బిళ్లల వాసన కొట్టేది. బజారులో చౌక మల్లె సెంట్లన్నీ అంతే. అన్నింట్లోనూ కుమ్మరించేది ఒకటే ఘాటు ద్రవం. కెమిస్ట్రీ చదివి ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చిన కొత్తలోనే, ఇది మల్లె పేరు పెట్టుకున్న మిఠాయి అని అనేశాను. మా ఆయన హరిచరణ్ పడీ పడీ నవ్వాడు. ఆయన అన్నగారు భాష్యం, అంటే మా బావగారు, నవ్వలేదు.

సెంట్లు కలిపేది హరి. పని నేర్పింది కూడా ఆయనే. రాత్రి తొండియార్‌పేటలోని మా ఇంటికి బస్సులో పోతుంటే, నా తలలో వాడుతున్న పూల దగ్గర ముక్కు పెట్టి, మన సీసాలో లేనిది ఇదే కుముదినీ అనేవాడు. జనం చూస్తున్నారని నేను మోచేత్తో పొడిచేదాన్ని. చూడనీ అనేవాడు. ఆయన గుండెపోటుతో పోయాక ఆ బల్ల దగ్గర నేను కూర్చున్నాను. ఎవరూ కాదనలేదు. ఆ పని ఇంకెవరికీ రాదు మరి.

మా బావగారు చెడ్డవాడేం కాదు. రంగుచీర కట్టుకోవద్దని గానీ, బొట్టు తీసెయ్యమని గానీ ఆయన నోట ఎన్నడూ రాలేదు. కాలం మారిందని నలుగురిలో ఆయనే అంటుంటాడు. అది ఎంతవరకు మారిందో నాకు మా కంపెనీ వీధి మలుపులో తెలిసింది.

ఆ మలుపులో కలైసెల్వి పూలమ్ముతుంది. ఇదివరకు సాయంత్రం నేనూ హరీ అటుగా వెళుతుంటే, అడక్కుండానే మూరెడు మల్లెపూలు తెంచి ఆకులో చుట్టి చేతికిచ్చేది. హరి పోయాక నేను మొదటిసారి ఒంటరిగా వెళ్లినరోజు ఆమె చెయ్యి అలవాటుకొద్దీ మాల అందుకుంది. నా ముఖం చూసి ఆగిపోయింది. అప్పటి నుంచి నేను కనబడితే చాలు, బుట్టలోకి చూసుకునేది. నాకు ఒళ్లు మండిపోయింది. బొట్టుకు ఫరవాలేదట, రంగుచీరకు ఫరవాలేదట, పువ్వు దగ్గరకు వచ్చేసరికి కాలం మారడం మానేసిందట. రోజంతా మల్లె వాసన కలిపే మనిషికి మూరెడు మల్లెలు ఇవ్వడానికి ఎవరికీ చేతులు రావు.

ఒకరోజు ఆమెను నిలదీయాలనే వెళ్లాను. పీట మీద కూర్చున్న ఆమె ముందు నిలబడి, నోరు తెరవబోతూ ఆమె తల చూశాను. నూనె రాసి ముడి చుట్టిన జుట్టు, అందులో ఒక్క పువ్వు లేదు. బుట్టనిండా మల్లెలు, జాజులు, కనకాంబరాలు. ఆమె మొగుడు హార్బరులో పనిచేస్తూ పోయి చాలా ఏళ్లయిందని పక్కనున్న టీకొట్టాయన చెబితే తెలిసింది. తిట్టడానికి వెళ్లినదాన్ని ఏమీ అనలేక వచ్చేశాను. కోపం మాత్రం నాతోనే ఇంటికొచ్చింది. మర్నాడు బల్ల దగ్గర కూర్చుని పని మొదలుపెట్టాను.

అంత కోపముంటే పూలే పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పెట్టుకున్నాను. తెలియని మనిషి దగ్గర కొని, తలలో పెట్టుకుని బస్సెక్కాను. మా పేటవాళ్లు ముందు నా తల చూశారు, తర్వాత మెడ చూశారు, తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పువ్వుతో వచ్చిన చిక్కే అది, కంటికి కనబడుతుంది. వాసన అలా కాదు. ఎవరైనా వద్దని అనేలోపలే వాళ్ల ముక్కులోకి వెళ్లిపోతుంది. వెళ్లాక వద్దని ఏం లాభం?

నాకు కావలసింది తలలోని మల్లె. మా ఊరికి మల్లెలు తెల్లవారుజామున మొగ్గలుగా కోయంబేడు మార్కెట్టుకొస్తాయి. మధ్యాహ్నం దాకా వాటికి వాసనే ఉండదు. తడిసిన అరటినార వాసన, ఆకు పసరు వాసన, అంతే. ఎండ వాలాక తలలోని వెచ్చదనానికి విచ్చుకుంటాయి. రాత్రికి కొబ్బరినూనెలో, చెమటలో కలిసి, కాస్త వాడి, అప్పుడు మత్తెక్కిస్తాయి. నా సెంటు కూడా ఆ దారినే నడవాలి. రాసుకున్నప్పుడు దాదాపు ఏమీ ఉండకూడదు. ఒంటివేడి తగిలేకొద్దీ మెల్లగా విచ్చుకోవాలి.

ఇంకో పట్టుదల కూడా పెట్టుకున్నాను. ముహూర్తాల రోజుల్లో మూర మల్లెలకు ఎంత అడుగుతారో, సీసా ధర అంతకు మించకూడదు. కలైసెల్వి కొనుక్కోలేని సెంటు చేసి నేనెవరిని ఉద్ధరించాలి? అసలు మల్లెల నుంచి తీసిన అత్తరు ఆ ధరకు చుక్క కూడా రాదు. మా బల్ల మీదున్న చౌక సరుకుతోనే పని కానివ్వాలి. అందరూ కుమ్మరించే ఆ ఘాటు ద్రవాన్ని దాదాపు పూర్తిగా తీసేశాను. వాసన తొందరపడి ఎగిరిపోకుండా స్పిరిట్ బదులు చిక్కటి నూనె వాడాను. పసరు వాసనకు మరువం నూనె కలిపాను. ఇండోల్ అని ఒకటుంటుంది. విడిగా చూస్తే బీరువాలోని కలరా ఉండలు గుర్తొస్తాయి, ఎక్కువైతే ముక్కు మూసుకోవాలి. నిజమైన మల్లెలో కూడా అది ఉంటుంది, వాడిన మల్లెలో ఇంకాస్త ఎక్కువ తెలుస్తుంది. మా బావగారికి అదంటే భయం. వాడిన పువ్వు వాసన అశుభమని ఆయన నమ్మకం. నేను చిటికెడు వేశాను. హరి ముక్కు పెట్టి చూసింది దానికోసమే.

ఎన్ని కలిపి పారబోశానో లెక్క లేదు. ఒకటి మిట్టమధ్యాహ్నమే విచ్చుకుని సాయంత్రానికి చచ్చిపోయింది. ఒకటి ఎప్పటికీ విచ్చుకోలేదు. ఇంకొకటి రాత్రంతా బాగుండి, తెల్లారేసరికి దిండు గలీబుకు పాచివాసన పట్టించింది. పొద్దున్నే మణికట్టుకు రాసుకుని వంట చేసేదాన్ని, బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడేదాన్ని, కరెంటు పోయినప్పుడు బల్ల దగ్గర చెమటలు కక్కేదాన్ని. దీన్ని రాసుకునేవాళ్లు చేసే పనులు అవే కదా. చివరికి ఒక సాయంత్రం ఇంటికి వెళ్లి తలుపు తాళం తీస్తుండగా అది విచ్చుకుంది. తాళంచెవి పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏడ్చాను, దాచడమెందుకు.

మా కంపెనీలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సెంటు ఏది చేసినా, దేవుడి పటం దగ్గర దీపం పెట్టి, మొదటి చుక్క ఇంటి ముత్తైదువ కుడి మణికట్టు మీద వేస్తారు. ఆ తర్వాతే కొనేవాడి చేతికి సీసా. వాసనలు కలిసిపోకుండా ఆ రోజు ఇంట్లో ఆడవాళ్లెవరూ పూలు పెట్టుకోరు. చిన్న కోడలినని పెళ్లయిన కొత్త నుంచీ ఆ చెయ్యి నాదే. హరి పోయాక అది విజయక్కదైంది. నేను కలిపిన సెంటులో మొదటి చుక్క నా చేతి మీద పడకూడదు. కలిపేటప్పుడు మోచేతి దాకా పడ్డ చుక్కల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

సౌకార్‌పేట నుంచి ఫాన్సీ సరుకుల హోల్‌సేల్ వ్యాపారి గోవిందస్వామి వచ్చే రోజు రానే వచ్చింది. పదకొండింటికి పై గదిలో ఏసీ వేసి ఆయన్ను కూర్చోబెట్టారు. దీపం వెలిగించారు. విజయక్క పట్టుచీర కట్టుకుని, ఖాళీ జడతో వచ్చి చెయ్యి చాపింది. మా బావగారు నా దగ్గర సీసా తీసుకోబోయాడు. నేనివ్వలేదు. మూత తీసి మొదటి చుక్క నా కుడి మణికట్టు మీద వేసుకున్నాను. ముందుగా అనుకుని చేసింది కాదు. చెయ్యి తనంతట తానే కదిలింది, నేను దాన్ని ఆపలేదు.

అందరూ బిగుసుకుపోయారు. గోవిందస్వామికి ఇవేమీ పట్టలేదు. సీసా అందుకుని మూతి దగ్గర ముక్కు పెట్టాడు. మళ్లీ పెట్టాడు. జేబురుమాలు తీసి దాని మీద నాలుగు చుక్కలు వేసి చూశాడు. మల్లె చెట్టుకు పోసే నీళ్లలా ఉందే అని తమిళంలో, మర్యాదగానే అన్నాడు.

మా బావగారి ముఖం నల్లబడింది.

"మొదటి చుక్క పడకూడని చేతి మీద పడింది గదా," అన్నాడు అందరికీ వినబడేట్టు. "ఇంక వాసన యాడ నుంచి వస్తాది?"

అప్పుడే వాసన రాకపోవడానికి కారణం నేను కలిపిన తీరు. కావాలనే అలా కలిపాను. సెంట్ల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, దాని సంగతి అడక్కుండా, తెగిపోయిన నా తాళి మీదకు తోసేశాడు. పైగా కిందికెళ్లి ఆ ఘాటు ద్రవం కాస్త పోసి తెమ్మన్నాడు, అన్నీ సర్దుకుంటాయన్నాడు. నేను సీసా తీసుకుని మూత బిగించాను.

"ఒక్క చుక్క గూడా పొయ్యను బావా. ఇది మూత కాడ చూసేది గాదు. సాయంత్రం ఆరు దాకా ఆగండి. అప్పుటికీ రాకపోతే మొత్తం నేనే సింకులో పోసేస్తా. మళ్లా ఆ బల్ల ముట్టుకోను."

గోవిందస్వామికి ఆరు దాకా కూర్చునే తీరిక ఎక్కడిది? రుమాలు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, ఇంకోసారి చూద్దామని వెళ్లిపోయాడు. నేను కిందికొచ్చి ఖాళీ సీసాలు సర్దుతూ కూర్చున్నాను.

నాలుగింటికి నా మణికట్టు మీద మరువం తప్ప ఏమీ లేదు. భయం వేసింది. ఆ ఏసీ గదిలో కూర్చున్నందుకు ఆలస్యమవుతోందా, లేక ఇది కూడా విచ్చుకోని వాటిల్లో ఒకటా? వీధిలోకి వెళ్లి ఎండలో చెయ్యి చాచి నిలబడదామా అనిపించింది. పోలేదు. నేను చేసినది అందరిలాగే పని చేసుకుంటూ విచ్చుకోవాలి, లేకపోతే వద్దు. ఆ బల్ల పోతే నాకు ఇంకేం మిగలదని తెలుసు. హరి కూర్చున్న చోటు అదొక్కటే ఉంది.

దీపాల వేళకు విజయక్క కాఫీ తెచ్చింది. మా బావగారు మెట్ల దగ్గర కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నేను సీసాల ట్రే పట్టుకుని ఆయన వెనకగా అలమర దగ్గరికి వెళ్లాను. ఆయన పేపరు దించాడు.

"విజయా, పూలు యాడ కొన్నావు? వాసన నిండుగా ఉండాది," అన్నాడు, తల తిప్పకుండానే.

విజయక్క కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆయన ముందుకొచ్చి, వెనక్కి తిరిగి ఖాళీ జడ చూపించింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ పూలు పెట్టుకోరని ఆయనే మరిచిపోయాడు. ఆయన ఆ జడను చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలోనే మెల్లగా తిరిగి, ట్రే పట్టుకున్న నా చేతిని చూశాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అంతలో ఫోను మోగింది. అవతల గోవిందస్వామి. కొట్టుకు అతని భార్య వచ్చిందట. గల్లాపెట్టె దగ్గర నిలబడి, ఏ ఆడది వచ్చి వెళ్లింది ఇక్కడికి అని అడిగిందట. జేబులోంచి రుమాలు తీసి చూపిస్తే గానీ గండం గడవలేదట. రుమాలు ఆమె లాక్కుందట. ఎంత సరుకుంటే అంత పంపమన్నాడు. మా బావగారు ఫోను పెట్టేసి, సరే అన్నాడు గాలిలోకి. ఆ సరే నాకేనని తెలిసింది.

నేను గెలిచాననే అనుకున్నాను. మర్నాడు పొద్దున వచ్చేసరికి బల్ల మీద లేబుళ్ల కట్ట ఉంది. ఎర్రచీర, ఒంటినిండా నగలు, తలనిండా పూలు, నుదుట పెద్ద కుంకుమబొట్టుతో పెళ్లికూతురు బొమ్మ. కింద సుమంగళి అని పేరు. ఆయన ముందే అచ్చు వేయించి పెట్టుకున్నాడు.

ఆ బొమ్మ అంటించిన సీసాను కలైసెల్వి ముట్టుకోదు. నా చేతిలో ఉన్నా జనం ముందు బొమ్మను చూస్తారు, తర్వాత నా మెడ చూస్తారు. కంటికి కనబడని పువ్వు చేద్దామని నేనింత కష్టపడితే, ఆయన దాన్ని అందరికీ కనబడేలా చేసి పెట్టాడు. ఆ పేరుతో చుక్క కూడా కలపనని చెప్పేశాను.

ఆయన ఓపికగానే నచ్చచెప్పబోయాడు. మల్లె అంటే మంగళం, జనం శుభం చూసి కొంటారు, విధవల సెంటంటే సౌకార్‌పేటలో ఎవడు కొట్లో పెట్టుకుంటాడు అన్నాడు. విధవలదని కూడా సీసా మీద ఉండకూడదన్నాను. పెళ్లిపిల్ల రాసుకోవచ్చు, ముసలమ్మ రాసుకోవచ్చు, కొనే మనిషిని నీకు మొగుడున్నాడా అని సీసా అడగకూడదు, అంతే నాకు కావలసింది. ఆయన గొంతు పెరిగింది. కంపెనీ ఎవరిదో గుర్తుచేశాడు. కొలతలు ఎవరి తలలో ఉన్నాయో నేను గుర్తుచేశాను.

విజయక్క మెట్ల మీద నిలబడి వింటోంది. ఆ ఇంట్లో ఆమె గొంతు వినబడడమే తక్కువ. పూలు పెట్టుకోకుండా వీధి గుమ్మం దాటని మనిషి. నిన్న మానేసినందుకేమో, ఆ పొద్దున రెండు వరసలు పెట్టుకుంది. ఆమె కిందికి దిగివచ్చి, లేబుల్ ఒకటి తీసుకుని, ఆ పెళ్లికూతురు ముఖం చూసింది.

"ఏమండీ," అంది. "రేపు మీరు నాకంటే ముందు పోతే, ఈ సీసా నేను పారెయ్యాల్నా?"

మా వాళ్లలో తలలో పూలున్న ఆడది ఆ మాట అనదు. మనసులో అనుకున్నా లెంపలేసుకుంటుంది. ఆమె వేసుకోలేదు. లేబుల్ చేత్తో పట్టుకుని జవాబు కోసం నిలబడింది. మా బావగారు ఆమె ముఖం చూశాడు, తలలోని పూలు చూశాడు. పారెయ్యమని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. పారెయ్యొద్దంటే ఆ పేరు చెల్లదు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, ఆయన అంత మెత్తబడటం నేనెప్పుడూ చూడలేదు. లేబుళ్ల కట్టను బల్ల కింది అట్టపెట్టెలో పడేశాడు. ఇంకేం పేరు పెడతావని నన్నడిగాడు, అలమర వైపు చూస్తూ.

ఆరుమణి మల్లి అన్నాను. ఆరు గంటలను ఇక్కడ ఆరు మణి అంటారు. తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలు, తమిళంలో, తెలుగులో. బొమ్మ లేదు. కింద చిన్న అక్షరాలతో, పొద్దున రాసుకుని సాయంత్రం దాకా ఆగండి అని వేయించాను. అంత వ్యవధి ఎవడిస్తాడని మా బావగారు గొణిగాడు. మొగ్గలు కొని తలలో పెట్టుకునే ఊరు ఇది, ఇస్తుందన్నాను.

మొదటి సీసా తీసుకుని మలుపు దగ్గరికి వెళ్లాను. కలైసెల్వి ఊరికే తీసుకోనంది. ధర చెప్పాను. ఆమె బుట్టలోని మూర మల్లెల ధరే అది. కొంగు ముడి విప్పి డబ్బిచ్చింది. సీసా మూతి దగ్గర వాసన చూసి, ఏమీ రావడంలేదే అక్కా అంది, నన్ను చూసి జాలిపడుతున్నట్టు. రేపు పొద్దున రాసుకో, నా మాట విను అన్నాను.

మర్నాడు సాయంత్రం నేను అటు వెళ్లేసరికి వీధినిండా ఆఫీసులు వదిలిన జనం. కలైసెల్వి ముందు ఒక అమ్మాయి వంగి నిలబడింది, మెడలో కంపెనీ కార్డు వేలాడుతోంది. బుట్టలోని మాలలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఇది కాదు, ఇది కూడా కాదు అంటోంది. ఇంత బాగా వాసనొస్తున్న మాల ఏది, అదే కావాలని అడిగింది.

కలైసెల్వి తలెత్తింది. ఆ అమ్మాయి వెనక నన్ను చూసింది. ఈసారి బుట్టలోకి చూసుకోలేదు.

"అదు విక్కిరదుక్కు ఇల్లమ్మా," అంది ఆ అమ్మాయితో. "అదు ఎన్నోడదు."

అది అమ్మడానికి కాదమ్మా, అది నాది. జుట్టులో ఒక్క పువ్వు లేని మనిషి, బుట్టెడు పూల ముందు కూర్చుని, వీధి మలుపు మొత్తం వినేలా ఆ మాట అంది.